ఎంటర్ ఒకటే, గుర్తులు మూడు

ఈ నెల వచ్చిన ప్రశ్నల కట్ట విప్పి చూస్తే సగానికి పైగా ఒకే రోగం. రాసినవాళ్లకి అది ఒకే రోగమని తెలీదు. ఒకరు పెన్‌డ్రైవ్ పోయిందనుకున్నారు, ఒకరు వైరస్ అనుకున్నారు, శ్రీకాకుళం నుంచి రాసిన మాస్టారైతే కంప్యూటర్‌కి తెలుగు పడట్లేదని బెంగపెట్టుకున్నారు. అసలు సంగతి చిన్నది. టెక్స్ట్ ఫైలులో మనం ఎంటర్ కొట్టినప్పుడల్లా కంప్యూటరు అక్కడ కంటికి కనపడని గుర్తు ఒకటి రాసుకుంటుంది, ఆ గుర్తు విండోస్‌లో ఒక రకం, లైనక్స్ అనే ఇంకో సిస్టంలో ఇంకో రకం, ఫైలు ఇక్కణ్ణించి అక్కడికి వెళ్లిందా, తగువు మొదలు. అందుకని వైఫై ప్రశ్నలూ ఫోన్ హ్యాంగయ్యే ప్రశ్నలూ వచ్చే నెలకి ఆపి, ఈసారి దీని సంగతే చూద్దాం.

ప్రశ్న: మాస్టారూ, ఆమదాలవలసలో స్టేషన్ రోడ్డులో నాకు జిరాక్స్, డీటీపీ షాపుంది. ఒకాయన పెన్‌డ్రైవ్‌లో భజన పాటల ఫైలు తెచ్చాడు, పుస్తకం వెయ్యాలంట. ఆయన లాప్‌టాప్‌లో, అది లైనక్స్ అంట, చరణం కింద చరణం చక్కగా ఉంది. నా విండోస్ 7 సిస్టంలో నోట్‌ప్యాడ్‌తో తెరిస్తే అరవై పాటలూ కలిసిపోయి ఒకటే లైను! ఒక్కో చరణం దగ్గర నేనే ఎంటర్ కొట్టుకుంటూ పోవాలా?

జవాబు: అక్కర్లేదు బాబూ, ఎంటర్లు అందులోనే ఉన్నాయి, మీ నోట్‌ప్యాడ్ వాటిని గుర్తుపట్టట్లేదంతే. ముందు పని కానివ్వండి. ఉచితంగా దొరికే నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ వేసుకుని ఆ ఫైలు తెరవండి, లైన్లు వాటంతట అవే విడిపోయి కనిపిస్తాయి. ఎడిట్ మెనూలో ఈఓఎల్ కన్వర్షన్, అంటే లైను చివరి గుర్తుల మార్పిడి, అని ఉంటుంది, దాంట్లో విండోస్ అన్నది నొక్కి సేవ్ చెయ్యండి. ఇక మీ పాత నోట్‌ప్యాడ్ కూడా మారు మాట్లాడదు. వర్డ్‌ప్యాడ్‌తో తెరిస్తే చాలదా అని కొందరు అడుగుతారు, ఇంగ్లిష్ ఫైలైతే చాలు. తెలుగు ఫైలు పాత వర్డ్‌ప్యాడ్‌లో తెరిస్తే లైన్లు బాగుపడి అక్షరాలు పాడయ్యే ప్రమాదం ఉంది, ఆ జోలికి వెళ్లకండి.

ఇప్పుడు ఇదెందుకు ఇలా అఘోరించిందో చెప్తాను, ఇక్కడ కాస్త ఓపిక పడితే మిగతా జవాబులన్నీ సులువవుతాయి. డిగ్రీ రోజుల్లో నేను విజయనగరం గంటస్తంభం దగ్గర ఒక మేడ మీద టైపు నేర్చుకున్నాను, పొద్దున్న ఆరింటి బ్యాచి. మిషన్లన్నీ ఒకేసారి టకటకలాడుతుంటే కింద టీ కొట్టాయన మేం ఏం అడిగామో వినపడక మూడుసార్లు అడిగించుకునేవాడు. లైను చివరికొస్తోందంటే మిషన్లో టింగుమని గంట మోగేది. అప్పుడు ఎడమ పక్కనున్న పిడిని కుడివైపుకి నెడితే ఒకే తోపులో రెండు పనులు జరిగేవి. కాగితం ఒక లైను పైకి జరిగేది, కాగితాన్ని మోసే బండి, అంటే క్యారేజి, లైను మొదటికి వచ్చేది. మన చెయ్యి ఒకటే కాబట్టి అవి రెండు వేర్వేరు పనులని మనకి ఎప్పుడూ తట్టలేదు.

తీగ మీద అక్షరాలు పంపి దూరాన ఉన్న మిషన్‌ని టైపు చేయించే టెలిప్రింటర్లకి మాత్రం అవి రెండు పనులే, రెండు వేర్వేరు ఆజ్ఞలు. మొదటికి పో అన్నది క్యారేజ్ రిటర్న్, ఒక లైను దించు అన్నది లైన్ ఫీడ్. 1963లో అక్షరాలకీ ఆజ్ఞలకీ నంబర్లిచ్చే ఆస్కీ పట్టిక వేసినప్పుడు వీటికి చెరో నంబరూ ఇచ్చారు, రిటర్న్‌కి 13, ఫీడ్‌కి 10. ఆ కాలంలో బాగా చలామణీ అయిన టెలిటైప్ మోడల్ 33 సెకనుకి పది అక్షరాలు కొట్టేది. అచ్చువేసే తల కుడి చివర నుంచి ఎడమ చివరికి రావాలంటే ఒక అక్షరం కొట్టేంత వ్యవధి చాలేది కాదు. అందుకే ముందు 13 పంపి, తల వెనక్కి పరుగెడుతుండగానే 10 పంపేవాళ్లు. కాగితం జరిగేలోపు తల కూడా ఇల్లు చేరేది. వరస తిరగేసి ముందు 10, వెనక 13 పంపితే తల ఇంకా దారిలో ఉండగానే తర్వాతి లైను మొదటి అక్షరం వచ్చి కాగితం మధ్యలో ఎక్కడో పడేది. విండోస్ ఫైళ్లలో ఈరోజుకీ 13 ముందు, 10 వెనక ఉంటుంది చూశారూ, దాని వెనక కథ అదే. ఆ తల ఇప్పుడు లేదు, కాగితమూ లేదు, వరస మాత్రం మిగిలింది.

తర్వాత ఎవరి దారి వాళ్లది. మల్టిక్స్ అనే పెద్ద సిస్టం రాసినవాళ్లు ఫైలులో ఒక్క 10 చాలు, ప్రింటర్‌కి పంపేటప్పుడు కావలసింది అప్పుడు చేర్చుకుందాం అన్నారు. యునిక్స్ దాన్నే తీసుకుంది, లైనక్స్ యునిక్స్‌ని చూసి నేర్చుకుంది. సీపీఎం అనే చిన్న కంప్యూటర్ల సిస్టం జంటగా 13, 10 రెండూ ఉంచింది, 1981లో వచ్చిన డాస్ అదే పట్టుకుంది, విండోస్‌కి అది వారసత్వం. యాపిల్ వాళ్లు ముందునుంచీ ఒంటెద్దు పోకడే కదా, పాత మ్యాక్‌లో ఒక్క 13 మాత్రమే పెట్టారు. 2001లో మ్యాక్ ఓఎస్ టెన్ వచ్చాక వాళ్లూ 10కి మారిపోయారు. మీ నోట్‌ప్యాడ్ 13, 10 జంట కనపడితేనే లైను విరుస్తుంది, ఆ భజన పాటల్లో ఒంటరి 10లే ఉన్నాయి, అందుకని అరవై పాటలూ ఒకటే దండకం అయిపోయాయి. మైక్రోసాఫ్ట్ నోట్‌ప్యాడ్‌కి మిగతా రెండు రకాలూ నేర్పింది 2018లో, విండోస్ 10కి. విండోస్ 7కి ఆ భాగ్యం దక్కలేదు.

ప్రశ్న: సార్, విజయనగరంలో బీటెక్ థర్డ్ ఇయర్. ప్రాజెక్టు కోసం ఇంట్లో విండోస్ లాప్‌టాప్‌లో షెల్ స్క్రిప్ట్ రాసి కాలేజీ లైనక్స్ సర్వర్‌లో పెట్టాను. రన్ చేస్తే బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్, నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ అంటోంది. ఫైలు నా కళ్లెదురుగా అక్కడే ఉంది! పాత్ వందసార్లు చూశాను. ఎల్లుండి రివ్యూ, చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, సర్వరు అబద్ధం చెప్పట్లేదు. లేదంటున్నది నీ స్క్రిప్ట్ గురించి కాదు, దాన్ని చదివి నడిపే బ్యాష్ అనే ప్రోగ్రాం గురించి. నీ ఫైలు మొదటి లైనులో బ్యాష్ ఎక్కడుందో రాశావు కదా, ఆ లైను చివర విండోస్ పెట్టిన 13 ఉంది. లైనక్స్ 10 దగ్గర లైను ఆపి, దానికి ముందున్నదంతా పేరే అనుకుంటుంది. దాంతో అది వెతుకుతున్నది బ్యాష్ కోసం కాదు, తోకలో 13 తగిలించుకున్న బ్యాష్ కోసం. ఆ పేరుతో లోకంలో ఏ ప్రోగ్రామూ లేదు. మెసేజ్‌ని పరీక్షగా చూడు, బ్యాష్ పక్కన టోపీ గుర్తు, దాని పక్కన ఎమ్ అని ఉంటుంది. ఇంగ్లిష్ అక్షరాల్లో ఎమ్ పదమూడోది, అంటే అది 13కి పెట్టిన ముద్దుపేరు. కొత్త లైనక్స్‌లలో రిక్వైర్డ్ ఫైల్ నాట్ ఫౌండ్ అని ఇంకా గుంభనంగా చెప్తున్నారు, అదీ ఇదే.

మందు వేసే ముందు రోగం ఖాయం చేసుకో. టర్మినల్‌లో ఫైల్ అనే కమాండ్‌కి నీ స్క్రిప్ట్ పేరిస్తే, విత్ సీఆర్ఎల్ఎఫ్ లైన్ టెర్మినేటర్స్ అని చెప్తుంది, సీఆర్ అంటే మన 13, ఎల్ఎఫ్ అంటే 10. లేదా క్యాట్‌కి మైనస్ పెద్ద ఏ పెట్టి చూడు, లైను చివర డాలర్ ఒక్కటే ఉంటే ఆరోగ్యం, టోపీ ఎమ్ డాలర్ అని ఉంటే విండోస్ గాలి సోకింది.

మందు పేరు డాస్2యునిక్స్. కమాండ్ పేరు, ఖాళీ, ఫైలు పేరు, అంతే. ఉబుంటులో లేకపోతే ఆప్ట్‌తో ఇన్‌స్టాల్ అవుతుంది. కాలేజీ సర్వర్‌లో ఇన్‌స్టాల్ చేసే హక్కు నీకు ఉండదు కాబట్టి అక్కడ ఉన్నదానితోనే కానిచ్చుకోవాలి: టీఆర్ కమాండ్‌కి మైనస్ డీ, అంటే తీసెయ్ అని, కోట్స్ మధ్య బ్యాక్‌స్లాష్ ఆర్, అంటే 13, ఇచ్చి, పాత ఫైలు లోపలికి, కొత్త ఫైలు బయటికి. కొత్త ఫైలు అని ఎందుకు నొక్కి చెప్తున్నానంటే, లోపలికీ బయటికీ ఒకే పేరిస్తే షెల్ ముందుగా బయటి ఫైలుని ఖాళీ చేసి కూర్చుంటుంది, చదవడానికి వెళ్లేసరికి అందులో ఏమీ ఉండదు. నేనొకసారి అలా మూడు రోజుల పని ఒక్క ఎంటర్‌తో తుడిచిపెట్టుకున్నాను, ఆ రాత్రి అన్నం సయించలేదు. వచ్చిన కొత్త ఫైలుకి ఎగ్జిక్యూట్ పర్మిషన్ ఉండదు, సీహెచ్‌మాడ్ మళ్లీ కొట్టుకోవాలి. విమ్ అనే ఎడిటర్ తెలిస్తే ఇంకా హాయి, ఫైలు తెరిచి ఫైల్‌ఫార్మాట్‌ని యునిక్స్ అని సెట్ చేసి సేవ్ చేస్తే సరిపోతుంది.

ఇవన్నీ చేశాక కూడా మొదటి లైను దగ్గరే మొరాయిస్తే అప్పుడు దొంగ వేరే. కొన్ని విండోస్ ఎడిటర్లు యూటీఎఫ్-8 (అక్షరాలని బైట్లుగా రాసే ఒక పద్ధతి) ఫైలు మొదట్లో బీఓఎం అని మూడు బైట్లు పెడతాయి, అవి స్క్రిప్ట్ మొదటి గుర్తుకి అడ్డం పడతాయి. సేవ్ చేసేటప్పుడు బీఓఎం లేని యూటీఎఫ్-8 ఎంచుకో. వీఎస్ కోడ్ వాడుతుంటే కింద కుడిమూల సీఆర్ఎల్ఎఫ్ అని కనపడుతుంది, దాన్ని నొక్కి ఎల్ఎఫ్ చేసుకుని రాయడం మొదలుపెడితే ఈ బాధే ఉండదు. రివ్యూకి ఎల్లుండి దాకా టైముందన్నావు, ఇది పది నిమిషాల పని, పడుకో.

ప్రశ్న: పలాసలో జీడిపప్పు వ్యాపారం మాది. మా గుంటడు కంప్యూటర్ చదివి కొట్లో లైనక్స్ మీద బిల్లింగ్ ప్రోగ్రాం రాశాడు. గుమస్తా ఎక్సెల్‌లో సరుకు లిస్టు చేసి సీఎస్‌వీగా ఇస్తాడు, పార్టీ పేరు, బస్తాలు, చివర గ్రేడు. ప్రోగ్రాం ఒక్క గ్రేడుని కూడా గుర్తుపట్టట్లేదు. డబ్ల్యూ 320 అని స్క్రీను మీద కనిపిస్తానే ఉంది, డబ్ల్యూ 320 లేదంటంది! పైగా గ్రేడు పక్కన రేటు వెయ్యమంటే ఆ రేటెళ్లి మొదట్లో ఉన్న పార్టీ పేరు మీద పడతంది. ఏటిదంతా? మా గుమస్తా చేతబడి అంటన్నాడు.

జవాబు: గుమస్తా గారికి నా నమస్కారం, చేతబడి కాదు గానీ ఆయన ఎక్సెల్ నుంచి వచ్చిందే. అంటే ఆయన తప్పూ కాదు, ఎక్సెల్ తప్పూ కాదు. సీఎస్‌వీ, అంటే కామాలతో విడదీసిన పట్టిక, ఎలా ఉండాలో చెప్పే ఆర్ఎఫ్‌సీ 4180 అనే పత్రం 2005లో వచ్చింది, అందులోనూ లైను చివర 13, 10 జంటే రాసి ఉంది. మీ అబ్బాయి ప్రోగ్రాం 10 దగ్గర లైను కోసి, కామా దగ్గర ముక్కలు చేస్తోంది, దాంతో 13 అన్నది ఆఖరి ముక్కకి అంటుకుని మిగిలిపోతోంది. మీ ఆఖరి ముక్క గ్రేడు. డబ్ల్యూ 320, డబ్ల్యూ 320 ప్లస్ 13, ఈ రెండూ మన కంటికి ఒకటే గానీ కంప్యూటరుకి వేరు వేరు సరుకులు. గ్రేడుని మధ్యలోకి జరిపి చూడండి, గ్రేడు బాగుపడి ఆఖర్లోకి వచ్చినదేదో పాడవుతుంది. అది చాలు రుజువు.

ఇక రేటు వెళ్లి పార్టీ పేరు మీద పడటం, నాకైతే అది చూస్తే ముచ్చటేస్తుంది. 13కి అసలు అర్థం లైను మొదటికి పో అని చెప్పానా? టర్మినల్ ఆ మాట ఇప్పటికీ వింటుంది. గ్రేడు రాసింది, 13 వచ్చింది, బుద్ధిగా మొదటికి వెళ్లింది, కాగితం దింపమని 10 ఎవరూ చెప్పలేదు, తర్వాత వచ్చిన రేటుని అక్కడే పేరు మీద కొట్టింది. అరవై ఏళ్ల కిందటి టెలిప్రింటర్ మీ కొట్లో పనిచేస్తోందన్నమాట.

అబ్బాయితో చెప్పండి, లైను చదవగానే చివరనున్న 13ని దులిపేసి ఆ తర్వాతే ముక్కలు చెయ్యమనండి. పైథాన్ అయితే సీఎస్‌వీ చదవడానికి దానిలోనే తయారుగా మాడ్యూల్ ఉంది, అది ఈ సంగతి చూసుకుంటుంది, సొంతంగా కామా దగ్గర కోసుకోవడం ఎందుకు? మైఎస్‌క్యూఎల్‌లోకి నేరుగా ఎక్కిస్తుంటే లైన్స్ టెర్మినేటెడ్ బై అన్న చోట బ్యాక్‌స్లాష్ ఆర్, బ్యాక్‌స్లాష్ ఎన్, అంటే 13, 10 రెండూ ఇవ్వాలి. రోజూ ఫైలుని చేత్తో మార్చుకుందాంలే అనుకోవద్దు, గుమస్తా గారు రేపు ఎక్సెల్‌లో తెరిచి మళ్లీ సేవ్ చేస్తే మళ్లీ మొదటికే. లోపలికి తీసుకునే గుమ్మం దగ్గరే ప్రోగ్రాం శుభ్రం చేసుకోవాలి. ఇప్పటిదాకా ఎక్కిన డేటాలో కూడా 13లు దాక్కుని ఉంటాయి, వాటినీ ఓసారి ఏరించండి, లేకపోతే ఒకే గ్రేడు స్టాకు రెండు పేర్లతో చూపిస్తుంది. పౌనుకి 320 లోపు పలుకులు తూగే పప్పుని 320 అంటారు కదా, ఈ 13ని మాత్రం ఏ కాటా మీద పెట్టినా తూగదు. ఫైలు సైజులో తూగుతుంది, లైనుకొక బైటు.

ప్రశ్న: అయ్యా, నేను రిటైరైన తెలుగు పండితుణ్ణి, శ్రీకాకుళంలో ఉంటాను. నాగావళి ఒడ్డు పల్లెల్లో తిరిగి పదేళ్లుగా సామెతలూ పొడుపుకథలూ పోగుచేసి నోట్‌ప్యాడ్‌లో రాసుకున్నాను. సేవ్ చేసేటప్పుడు యూనికోడ్ అని పెట్టమంటే అలాగే పెట్టాను. మా మేనల్లుడు తన లైనక్స్ కంప్యూటర్ కోసం ఫైలుని ఏదో మార్చాడు. అప్పటినుంచీ ఒక సామెత తెలుగులో ఉంటే దాని వెనకది చైనా అక్షరాలు, డబ్బాలు, ఏవేవో గుర్తులు. మూడోది మళ్లీ తెలుగు. నా మొదటి ఫైలు పెన్‌డ్రైవ్‌లో ఉంది గానీ దాన్ని ముట్టుకోవడానికే భయంగా ఉంది.

జవాబు: మాస్టారూ, ఆ పెన్‌డ్రైవ్ ఫైలు ఉందన్న మాట చదివాకే నాకు ప్రాణం లేచొచ్చింది. మీకేమీ నష్టం లేదు. ఒక సామెత విడిచి ఒక సామెత పాడైందని రాశారే, ఆ ఒక్క ముక్కతో మీ మేనల్లుడు కొట్టిన కమాండ్ ఏదో కూడా చెప్పగలను, పైన విజయనగరం అమ్మాయికి చెప్పిన టీఆర్ కమాండే. ఆ అమ్మాయి ఫైలుకి అది అమృతం, మీ ఫైలుకి విషం.

పాత నోట్‌ప్యాడ్‌లో యూనికోడ్ అని ఉండేది నిజానికి యూటీఎఫ్-16, అంటే అన్ని భాషల అక్షరాలకీ నంబర్లిచ్చిన యూనికోడ్ పట్టికని ఫైలులో రాసే ఒక పద్ధతి. అందులో ప్రతి తెలుగు అక్షరానికీ సరిగ్గా రెండు బైట్లు, జోడెద్దుల్లాగ. లైను చివరి 13 కూడా ఒంటరిగా ఉండదు, పక్కన ఒక సున్నా బైటు కట్టి ఉంటుంది. మేనల్లుడి కమాండ్‌కి ఈ జోడీల సంగతి తెలీదు, అది 13 అన్న బైటుని పీకేసి సున్నాని వదిలేసింది. ఒక ఎద్దుని విప్పేశాక ఏమవుతుంది? మిగిలిన ఎద్దు వెనక జత ఎద్దుతో జోడీ కట్టింది, ఆ వెనకది దాని వెనకదానితో, ఇలా ఆ లైనంతా జతలు తప్పాయి. తప్పిన జతలకి యూనికోడ్ పట్టికలో ఉన్న అర్థాలే మీరు చూసిన చైనా అక్షరాలు. తర్వాతి లైను చివర ఇంకో 13 పోయింది, దాంతో లెక్క మళ్లీ సరిపోయి మూడో సామెత తెలుగులోకి వచ్చింది.

ఇందులో మన తెలుగుకే ప్రత్యేకమైన తమాషా ఒకటుంది, మీరు పండితులు కాబట్టి చెప్పకుండా ఉండలేను. యూనికోడ్‌లో తెలుగు అక్షరాలకి వరసగా నంబర్లిచ్చినప్పుడు అ, ఆ, ఇ, ఈ, ఉ దాటి వచ్చే దీర్ఘం ఊ ఉంది చూశారూ, దానికి దక్కిన జోడీలో ఒక బైటు సరిగ్గా 10. అచ్చం లైన్ ఫీడే. అంటే యూటీఎఫ్-16 ఫైలుని తెలివితక్కువ కమాండ్‌తో లైనక్స్ నుంచి విండోస్‌కి మారిస్తే, అంటే కనపడ్డ ప్రతి 10 ముందూ ఒక 13 దూర్చుకుంటూ పోతే, లైను చివర్లతో పాటు ఊరు, ఊయల, ఊడ అన్న మాటల దగ్గర కూడా దూర్చి పాడుచేస్తుంది. పల్లె సామెతల్లో ఊరు లేనివి ఎన్ని ఉంటాయి చెప్పండి! 13కి మాత్రం ఏ తెలుగు అక్షరమూ దొరకలేదు, పట్టికలో ఌ దాటాక ఆ గడి ఖాళీగా వదిలేశారు.

ఇప్పుడు చెయ్యాల్సింది. పెన్‌డ్రైవ్ ఫైలుని ముందు ఇంకో చోట కాపీ చేసి, ఆ కాపీనే తెరవండి, అసలుది ముట్టుకోకండి. నోట్‌ప్యాడ్‌లో ఫైల్, సేవ్ యాజ్, కింద ఎన్‌కోడింగ్ దగ్గర యూటీఎఫ్-8 ఎంచుకుని కొత్త పేరుతో సేవ్ చెయ్యండి. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికి మూడు బైట్లు, ఆ మూడింటిలో ఒక్కటి కూడా 128కి తక్కువ ఉండదు. ఇక 10, 13 అన్నవి అక్షరాల మధ్యలోకి వచ్చే వీలే లేదు, మేనల్లుడు ఏ కమాండ్ కొట్టుకున్నా మీ సామెతలకి ఢోకా లేదు. 2019 తర్వాతి విండోస్ 10లో నోట్‌ప్యాడ్ తనంతట తనే యూటీఎఫ్-8లో సేవ్ చేస్తోంది. కుర్రాణ్ణి ఏమీ అనకండి, ఈ దెబ్బ తినని ప్రోగ్రామర్ని నేను చూడలేదు. పాడైన ఫైలులో తర్వాత మీరేమైనా కొత్త సామెతలు చేర్చి ఉంటే మాత్రం అతన్నే కూర్చోబెట్టి బాగుచేయించండి, పాత సామెతలున్న భాగంలో సున్నా, 10, సున్నా అని మూడు బైట్లు వరసగా ఉన్న ప్రతిచోటా మొదటి సున్నాని తీసేస్తే జోడీలు మళ్లీ కుదురుకుంటాయి.

ప్రశ్న: టెక్కలి దగ్గర ఇంజినీరింగ్ చదువుతున్నాం, నలుగురం కలిసి గిట్‌లో (కోడ్‌లో ఎవరేం మార్చారో గుర్తుపెట్టుకునే ప్రోగ్రాం) ప్రాజెక్ట్. నేను ఒక్క లైను మారిస్తే ఫైలులో ఎనిమిది వందల లైన్లూ మారినట్టు చూపిస్తోంది. మా టీంమేట్ నేను తన కోడ్ అంతా కెలికేశానని మాట్లాడటం మానేశాడు.

జవాబు: స్నేహాలు చెడగొట్టడంలో ఈ గుర్తుకి మంచి అనుభవం ఉంది. మీలో ఒకరిది విండోస్, ఒకరిది లైనక్స్ అయ్యుంటుంది, ఎవరి ఎడిటర్ సేవ్ చేస్తే వాళ్ల గుర్తులు మొత్తం ఫైలుకి పడుతున్నాయి. చివరి గుర్తు మారితే గిట్ దృష్టిలో ఆ లైను మారినట్టే. ముందు అతనికి గిట్ డిఫ్ మైనస్ డబ్ల్యూతో చూపించు, నువ్వు మార్చిన ఒక్క లైనే కనపడుతుంది, నిజం తేలుతుంది.

లైను గుర్తులు వాటంతట అవే మారేలా ఆటోసీఆర్ఎల్ఎఫ్ అని ఎవరి మిషన్‌లో వాళ్లు పెట్టుకునే సెట్టింగు ఒకటుంది, చాలామంది అదే చెప్తారు, నాకది నచ్చదు, నలుగురిలో ఒకరు మర్చిపోతే చాలు. ప్రాజెక్ట్ మొదటి ఫోల్డర్లో చుక్కతో మొదలయ్యే గిట్‌యాట్రిబ్యూట్స్ ఫైలు పెట్టండి, అందులో అన్ని ఫైళ్లకీ టెక్స్ట్ ఈక్వల్స్ ఆటో, షెల్ స్క్రిప్ట్‌లకి ఈఓఎల్ ఈక్వల్స్ ఎల్ఎఫ్, బ్యాచ్ ఫైళ్లకి ఈఓఎల్ ఈక్వల్స్ సీఆర్ఎల్ఎఫ్. అది ప్రాజెక్ట్‌తో పాటే అందరికీ వెళ్తుంది. తర్వాత గిట్ యాడ్‌కి రీనార్మలైజ్ ఇచ్చి ఆ మార్పుని విడిగా ఒక్క కమిట్‌గా చెయ్యండి, దాంట్లో ఇంకే మార్పూ కలపొద్దు. నలుగురూ చేతిలో పని ముగించుకున్న రోజు చూసుకుని చెయ్యండి, లేకపోతే కాన్‌ఫ్లిక్ట్‌లతో మళ్లీ మాటలు ఆగుతాయి.

ప్రశ్న: చీపురుపల్లి స్కూల్లో కంప్యూటర్ చూసుకుంటాను. 48 మంది పిల్లల పేర్ల ఫైలు నుంచి స్క్రిప్ట్‌తో ఐడీ కార్డులు తీస్తే 47 వస్తున్నాయి. ఎప్పుడూ ఆఖరి పేరే ఎగిరిపోతోంది. ఆ పాప రోజూ వచ్చి అడుగుతోంది.

జవాబు: ఆఖరి పేరు తర్వాత మీరు ఎంటర్ కొట్టలేదు. యునిక్స్ సంప్రదాయంలో 10తో ముగిసినదే లైను, ముగియనిది లెక్కలోకి రాదు, లైన్లు లెక్కపెట్టే డబ్ల్యూసీ మైనస్ ఎల్ కొట్టి చూస్తే అదీ 47 అనే అంటుంది. షెల్‌లో లైను లైను చదివే లూపు కూడా ఆ ఆఖరి పేరు దగ్గర ఆగిపోతుంది. పేరు చివర కర్సర్ పెట్టి ఒక్క ఎంటర్ కొట్టి సేవ్ చెయ్యండి, పాపకి రేపే కార్డు ఇచ్చెయ్యొచ్చు. రెండు సెక్షన్ల ఫైళ్లు కలిపేటప్పుడూ ఇది చూసుకోండి, ఒక సెక్షన్ ఆఖరి పేరూ ఇంకో సెక్షన్ మొదటి పేరూ అతుక్కుపోయి లేని విద్యార్థి ఒకరు పుట్టుకొస్తారు.

ప్రశ్న: రాజాం నుంచి. విండోస్‌లో పైథాన్‌తో సీఎస్‌వీ రాస్తే ఎక్సెల్‌లో ప్రతి వరసకీ మధ్య ఒక ఖాళీ వరస వస్తోంది.

జవాబు: సీఎస్‌వీ మాడ్యూల్ తనే 13, 10 రాస్తోంది, విండోస్‌లో ఫైలు మళ్లీ ఆ 10ని చూసి ఇంకో 13 చేరుస్తోంది, మొత్తం 13, 13, 10. ఫైలు తెరిచే ఓపెన్‌లో న్యూలైన్ ఈక్వల్స్ అని ఖాళీ కోట్స్ ఇవ్వండి.

ప్రశ్న: బొబ్బిలిలో ఫొటో స్టూడియో మాది. పెళ్లి ఫొటోలు ఎఫ్‌టీపీలో సర్వర్‌కి ఎక్కిస్తే టెక్స్ట్ ఫైళ్లు బాగానే వెళ్లాయి, ఫొటోలు మాత్రం ఒక్కటీ తెరుచుకోవట్లేదు. అన్నీ ఏవో కొద్ది బైట్ల చిన్న తేడాతో సైజు తగ్గాయి.

జవాబు: ఎఫ్‌టీపీ ప్రోగ్రాంలో ట్రాన్స్‌ఫర్ మోడ్ ఆస్కీ అని ఉంది, బైనరీ చెయ్యండి. ఆస్కీ మోడ్ మీకు సాయం చేద్దామనుకుని దారిలో 13, 10 జంట కనపడ్డ చోటల్లా 13ని తీసేస్తుంది. ఫొటోలో ఆ బైట్లు లైను చివర్లు కావు, పెళ్లికూతురి చీర రంగో, పందిట్లో దీపమో. తగ్గిన సైజు అలా పోయినదే. పోయినవి ఎక్కడెక్కడివో తర్వాత కనిపెట్టే దారి లేదు, కాబట్టి సర్వర్‌లో ఉన్నవాటిని బాగుచేద్దామని టైము తగలేసుకోకండి, కెమెరా కార్డులోంచి మళ్లీ ఎక్కించండి. పీఎన్‌జీ బొమ్మల ఫార్మాట్ చేసినవాళ్లు ఈ గొడవ తెలిసే ఫైలు మొదటి ఎనిమిది బైట్లలో 13, 10, 26, 10 అని కావాలనే పెట్టారు, ఎవరైనా దారిలో లైను గుర్తులు మారిస్తే అక్కడే పట్టుబడాలని. జేపెగ్‌కి ఆ కాపలా లేదు. కార్డు ఇంకా ఫార్మాట్ చెయ్యలేదనే అనుకుంటున్నాను.